పంతొమ్మిదో ఏడు

చొక్కాలు ఇస్త్రీ చేస్తూ రిజర్వ్ దళం ఆఫీసుకి ఫోన్ చేశాను, శనివారం డ్యూటీకి ఎన్నింటికి రావాలో కనుక్కోవడానికి.

"మీరు రావట్లేదుగా మేడమ్," అన్నాడు క్లర్కు. "నిన్న మీవారు ఫోన్ చేశారు. మీకు ఒంట్లో బాగాలేదన్నారు. మీ బదులు వేరే పైలట్‌ని వేసేశాం."

నా ఒంట్లో బాగానే ఉంది.

నేను విమానసంస్థలో కెప్టెన్‌ని. నెలకొక శని, ఆదివారాలు సైన్యం సరుకుల విమానం నడుపుతాను. అలా ఇరవై ఏళ్ళు చేస్తే పెన్షన్‌తో రిటైరవుతాను. ఏ ఏడాదిలోనైనా ఒక్క రోజు తగ్గినా ఆ ఏడాది మొత్తం లెక్కలోకి రాదు. ఇది పంతొమ్మిదోది. నెలాఖరుతో ముగుస్తుంది. ఇంకా రెండు రోజులు కావాలి.

విమానసంస్థలో డ్యూటీలు వేసే ఆయన నా సైన్యం రోజుల్ని సెలవులంటాడు. "మళ్ళీ విశ్రాంతా మేడమ్?" అని అడుగుతాడు. సైన్యంలో మా అధికారి నా విమానసంస్థ ఉద్యోగాన్ని టాక్సీ తోలడం అంటాడు. ఇంట్లో రెండూ కలిపి "నీ షికార్లు". ఒక యూనిఫాం విప్పి రెండోది వేసుకునే మధ్య దొరికే పదకొండు గంటల్లో బట్టలుతికి, ఫ్రిజ్ నింపి, పిల్లలకి బూట్లు కొని వెళ్తాను. "మా కోడలు ఇంటికి చుట్టపుచూపుగా వస్తుంది," అంటుంది అత్తగారు వచ్చినవాళ్ళతో. ఆవిడ మందుల్ని వారానికి సరిపడా డబ్బాలో సర్ది వెళ్ళేది ఆ చుట్టమే. "మా ఇంట్లో మొగుడు మా ఆవిడ, పెళ్ళాన్ని నేను," అని మా ఆయన స్నేహితుల్ని నవ్విస్తాడు. పద్దెనిమిదేళ్ళు నేనూ నవ్వాను.

క్లర్కుని లైన్లోనే ఉండమని ముందుగదిలోకి వెళ్ళాను.

"మా ఆఫీసుకి ఫోన్ చేశారా?"

"చేశా." మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "శనివారం మా బాస్ భోజనానికొస్తున్నాడు. నువ్వు లేకపోతే వంటెవరు చేస్తారు? నీతో చెప్తే రాద్ధాంతం చేస్తావని నేనే చెప్పేశా."

"ఈ ఏడాది పోతుందని తెలుసా?"

"తెలుసు. ఇంకో ఏడాది చేసుకో. సైన్యం ఎక్కడికీ పారిపోదుగా."

వెనక్కి వచ్చి ఫోన్ చెవిన పెట్టుకున్నాను. నెలాఖరులోపు ఇంకేదైనా డ్యూటీ ఉందా అని అడిగాను.

"ఆరు నెలల పోస్టింగ్ ఒకటుంది మేడమ్. వేరే దేశంలో. ఎల్లుండే బయల్దేరాలి. వెళ్తే ఈ ఏడూ లెక్కలోకొస్తుంది. కానీ మీరే రెండుసార్లు వద్దన్నారుగా."

ఒకసారి పిల్లల పరీక్షలని వద్దన్నాను. ఒకసారి అత్తగారి మోకాలి ఆపరేషనని. సైన్యం పని మీద వెళ్తే విమానసంస్థ నా సీటూ సీనియారిటీ తీసేయకూడదని చట్టం ఉంది. ఇంటికి అలాంటి చట్టం లేదు.

"నా పేరు రాయండి."

"మీరు లేనప్పుడు పిల్లల బాధ్యత ఎవరిదో కూడా రాయాలి మేడమ్. లేకపోతే పంపరు."

"వాళ్ళ నాన్నది."

"ఆయన ఒప్పుకున్నారా?"

"నిన్న నా తరఫున ఆయన మాట్లాడారుగా," అన్నాను. "ఇవాళ ఆయన తరఫున నేను మాట్లాడుతున్నాను."