వదిలేశావా, మింగేశావా

"అమ్మ పేరెందుకు నాన్నా? అమ్మకేం వద్దుగా" అంది మా అమ్మాయి.

ఆదివారం మధ్యాహ్నం. నేను మా ఆయన యూనిఫాం చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన సిటీ బస్సు నడుపుతారు. వారానికి ఆరు చొక్కాలు, కాలరు దగ్గర ఒక్క ముడత ఉండకూడదు. ఏడాదికోసారి ఆయనకి బోనసు వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కొక్కరూ తమకోసం ఒక వస్తువు చెప్పుకోవడం మా ఇంటి అలవాటు. ఆయన బల్ల ముందు కూర్చుని ఓ కాగితం మీద రాస్తున్నారు. తనకి చేపలు పట్టడానికి కొత్త గాలం. అమ్మాయికి పరుగుపందెం బూట్లు. అత్తగారికి మెడ కింద పెట్టుకునే దిండు. నాలుగో పేరు దగ్గర కలం ఆగింది. అమ్మాయి ఆ మాట అన్నది అప్పుడే.

ఆయన నవ్వి కాగితం మడిచేశారు. "నిజమేనే. మీ అమ్మ మన మధ్య తిరుగుతున్న సన్యాసిని. ఇలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతుంది చెప్పు!" అంటూ నావైపు చూశారు. ఆ చూపులో వెటకారం లేదు. ప్రేమే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎగతాళిగా అని ఉంటే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నాలుగు మాటలు అడిగేదాన్ని. ప్రేమగా అన్న మాటతో ఏమని పోట్లాడతాం? నేనూ నవ్వాను. నవ్వుతూ ఇస్త్రీపెట్టె కదపడం మరిచిపోయాను. తేరుకుని చూసేసరికి చొక్కా జేబు మీద గోధుమరంగు మచ్చ. పెళ్ళైన పదహారేళ్ళలో నేను కాల్చిన మొదటి చొక్కా అది.

నేను ధ్యానం మొదలుపెట్టి రెండేళ్ళయింది. లైబ్రరీ మేడ మీద గదిలో శనివారాలు ఒకావిడ నేర్పుతారు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అందరం సిస్టరమ్మ అంటాం. అంతకుముందు నాకు ఊరికే కోపం వచ్చేది. గిన్నెలు ఎత్తెత్తి పడేసేదాన్ని. అమ్మాయి నా అడుగుల చప్పుడు విని మొహం చూడకుండానే నేను ఏ మూడ్‌లో ఉన్నానో చెప్పేది. కూర్చోవడం మొదలుపెట్టాక అది తగ్గింది. నిజంగానే తగ్గింది, నటన కాదు. ఎవరైనా ఒక మాట అంటే, ఆ మాటకీ నా జవాబుకీ మధ్య కాస్త చోటు దొరికింది. ఆ చోటులో నిలబడి చూస్తే సగం గొడవలు గొడవలే కావని తెలిసింది. కోపంతోపాటు కోరికలు కూడా పోయాయని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ నాకు ఒకటి కావాలి. సెంటు సీసా.

నా పని కట్టుడు పళ్ళు తయారుచెయ్యడం. పొద్దున్నించి సాయంత్రం దాకా మైనం, ప్లాస్టరు అచ్చులు, గులాబీరంగు చిగుళ్ళు. ఆ చిగుళ్ళు చేసే పొడిలో కలిపే ద్రవం వాసన ముక్కులోకి ఎక్కిందంటే తలంటుకున్నా దిగదు. ఒకప్పుడు ల్యాబులో నాకు కిటికీ పక్కన చోటుండేది. కిందటేడు కొత్తగా చేరినతనికి తలనొప్పి వస్తోందని మా యజమాని ఆ చోటు అతనికిచ్చి నన్ను మూలకి మార్చారు. "మీరైతే ఏమీ అనుకోరు కదండీ. ధ్యానం చేసేవాళ్ళతో ఇదే సుఖం" అన్నారు. ఏమీ అనుకోలేదు. అనుకోకపోవడం నాకు బాగా చేతనైపోయింది. బస్టాపు నుంచి ఇంటికొచ్చే దారిలో ఒక సెంట్ల కొట్టుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల్నించి ఓ చల్లటి పరిమళం వీధిలోకి వస్తుంది. నాలుగు నెలలుగా నేను ఆ కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నడుస్తున్నాను. తీరా కళ్ళు మూసుకుని ఊపిరి గమనిద్దామని కూర్చుంటే, ముక్కు కొసన ఆ వాసనే వచ్చి కూర్చుంటోంది.

చొక్కా కాలిన వారం, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చాపలు చుడుతున్నారు.

"నాకింకా కోరికలు పోలేదు సిస్టరమ్మా. సిగ్గుగా ఉంది" అన్నాను.

"ఏం కోరికమ్మాయ్?"

"సెంటు."

ఆవిడ చాప వదిలేసి పకపకా నవ్వారు. "ఓసినీ! నీ మొహం చూసి ఏ పక్కింటాయనో అనుకున్నాను."

నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రెండేళ్ళు కూర్చుని కూర్చుని ఒక సీసా దగ్గర ఓడిపోయానన్నాను. అందరూ నన్ను ఏమీ వద్దనే మనిషనుకుంటున్నారని, ఇప్పుడు కావాలంటే వాళ్ళ దృష్టిలో ఎంత దిగిపోతానోనని చెప్పాను. ఆవిడ నా పక్కనే నేలమీద కూర్చున్నారు.

"ఒకటడుగుతాను, ఆలోచించి చెప్పు. ఆ కోరికని వదిలేశావా, మింగేశావా?"

"తేడా ఏముంది?"

"వదిలేసింది బయటే ఉండిపోతుంది. మింగింది లోపలుంటుంది. నేను నర్సునమ్మా. గోళీలూ నాణేలూ మింగిన పిల్లల్ని ఎంతమందిని చూశానో! పైకి ఏమీ తెలీదు. ఎక్స్‌రే తీస్తే అక్కడే ఉంటుంది." ఆవిడ నా మోకాలు తట్టారు. "అడిగితే ఇస్తారని తెలిసీ నాకొద్దు అనుకున్నావనుకో, అది వదలడం. అడగడానికే నోరు రాక వద్దన్నావనుకో, దానికి ధ్యానం అని పేరు పెట్టకు. వెళ్ళి ఆ కొట్లో నిలబడు. ఊపిరిని చూసినట్టే దాన్నీ చూడు. కొంటావో మానేస్తావో నాకనవసరం. అవతలి ఫుట్‌పాత్ మీంచి తప్పించుకుపోవడం మాత్రం మానెయ్."

సోమవారం పని అయ్యాక వెళ్ళాను. కౌంటరు దగ్గరమ్మాయి "ఎవరికి మేడం? గిఫ్టా?" అని అడిగింది. "నాకే" అన్నాను. ఆ రెండక్షరాలు నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో! కొట్లో ఏం కొన్నా ఎవరికని అడిగితే పాపకి, ఆయనకి, అత్తగారికి అని చెప్పడమే అలవాటు. ఆ అమ్మాయి కాగితం ముక్కల మీద ఒక్కొక్కటీ చల్లి ఇచ్చింది. మొదటిది మరీ తీపి. రెండోది ఎవరో గొప్పింటి ఆవిడ పక్కనుంచి వెళ్ళినట్టుంది. మూడోది వాసన చూశాక కదల్లేకపోయాను. నారింజ తొక్క ఒలిచినప్పుడు వేళ్ళకి అంటుకునే పులుపు, దాని కింద వానకి తడిసిన చెక్క. ఊపిరి ఎక్కడా ఆగకుండా పొట్టదాకా వెళ్ళింది. మనసు అంత సులువుగా ఊపిరి మీద నిలబడడం నేనెరగను. నాలో దురాశ ఏదో బుసలు కొడుతుందనుకుని వెళ్ళాను. అక్కడ ఉన్నది సంతోషం. చిన్నపిల్ల సంతోషం.

అయినా కొనలేదు. ఆ అమ్మాయి నా మణికట్టు మీద కాస్త చల్లి పంపింది.

ఇంట్లో అత్తగారు వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నారు. నేను పక్కన కూర్చుని చెయ్యి చాచగానే తలెత్తారు.

"ఏంటే ఈ వాసన? ఏదీ, చెయ్యిలా తే." నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని పీల్చారు. "ఎంత బావుందే! నువ్వు ఇంట్లోకొస్తే ప్లాస్టరు సంచీ నడిచొచ్చినట్టుంటుంది ఎప్పుడూ."

"ఊరికే చల్లారత్తయ్యా. కొనలేదు."

"ఎందుకూ?"

నేను రెండో చేత్తో ఓ బఠానీకాయ అందుకున్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నేను చేసిపెట్టిన పలువరుసతో నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వు మధ్యలోనే ఆపేశారు.

"నాకు రంగు గొడుగు కావాలని ఉండేదే. పెద్ద పెద్ద పూలున్నది. మీ మామయ్య ఎప్పుడూ నల్లదే తెచ్చేవారు. అడిగితే కాదనే మనిషి కాదు పాపం. నేనే అడగలేదు. నోట్లో నాలుక లేనిదని అందరూ మెచ్చుకునేవాళ్ళు, ఆ మెచ్చుకోలు పోతుందేమోనని భయం. నలభై ఏళ్ళు కాపురం చేసి, నాకేమిష్టమో తెలియకుండానే ఆయన్ని పంపించేశాను. ఆయనకి నేనే అన్యాయం చేశాననిపిస్తుంది నాకు."

ఆవిడ మళ్ళీ బఠానీలు ఒలవసాగారు. నేనూ ఒలిచాను.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు కావడంతో ఆయన పొద్దున ఇంట్లోనే ఉన్నారు. అత్తగారు పార్కుకి వెళ్ళారు.

"ఏమండీ, ఆ కాగితం ఉందా? నా పేరు రాయండి" అన్నాను.

"నీకా?" నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరి ధ్యానం?"

"దానివల్లే తెలిసింది, కావాలని."

ఆయన మొహం చిన్నబోయింది. "నేనెప్పుడైనా నీకు వద్దన్నానా?"

"మీరనలేదు. నేను అడగలేదు. అడగకపోతే మీరంతా మంచిదాన్నని మురిసిపోతున్నారు, అది నాకూ తీపిగానే ఉంది. కానీ మీరు మురిసిపోతున్న మనిషి నేను కాదండీ. ఆవిడ వేరే. మీరు నాతో ఉండాలని ఉంది."

ఆయన కాగితం తెచ్చి, మడత విప్పి బల్ల మీద పరిచారు. తర్వాత కలం అందుకున్నారు. "ఏం రాయను?"

"సెంటు. పేరు నాకు పలకడం రాదు. నారింజ తొక్కలా ఉండేది అని రాయండి."

అలాగే రాశారు, అక్షరం పొల్లు పోకుండా. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. "ఇంకేమైనా ఉన్నాయా మహారాణీ?" అన్నారు వాతావరణం తేలిక చెయ్యడానికి.

ఉందని అప్పుడే తట్టింది నాకు. "రోజూ ఐదింటికి లేచి ధ్యానంలో కూర్చుంటున్నాను. మీరెవరూ లేవకముందే, ఎవరి పనికీ అడ్డం రాకుండా. నా నిద్రలోంచి తీసిన అరగంట అది. రేపట్నించి ఏడింటికి కూర్చుంటాను."

"ఏడింటికా? అప్పుడేగా అందరికీ..." అని ఆగిపోయారు.

"అప్పుడే" అన్నాను.

ఆ వారమే ల్యాబులో కిటికీ పక్క చోటు అడిగాను. మా యజమాని "మీకు బాగాలేదా? ఒంట్లో ఏమైనా...?" అని కంగారుపడ్డారు. బాగానే ఉందని, బాగుండబట్టే అడుగుతున్నానని చెప్పాను. బల్ల జరిపించడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది, కానీ జరిపించారు.

సీసా వచ్చిన మర్నాడు ఏడింటికి మణికట్టు మీద ఒక్క చుక్క రాసుకుని, మా గది తలుపు వేసుకుని కూర్చున్నాను. ఊపిరి లోపలికి, బయటికి. వంటింట్లో ఏదో మాడుతోంది. ఎవరో స్టవ్వు ఆపారు. ఇంతలో తలుపు మీద దబదబా చప్పుడు.

"అమ్మా, నా నీలం మేజోళ్ళెక్కడ? బస్సు వచ్చేస్తుంది!"

"తలుపు కొట్టకు తల్లీ. అమ్మ కూర్చుంది. నన్నడుగు."

"నీకు తెలుసా నాన్నా?"

"తెలీదు. పద, వెతుకుదాం."

బీరువా తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మంచం జరిగింది. అత్తగారి నవ్వు వినిపించింది. ఆ మేజోళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఊపిరి నిండుగా తీసుకుని, చెప్పకుండా కూర్చున్నాను.