పెద్దమ్మగారి ఫోను

తెర మీద చెడ్డ కోడలు వేలు చూపించి అరిచింది. "మీరింకోసారి స్టవ్ ముట్టుకుంటే గ్యాసే తీయించేస్తాను. అందరం పస్తులుందాం."

ఆ సాయంత్రం రావలసిన ఎపిసోడ్‌ను కత్తిరించి అతుకుతున్న ఎడిటరమ్మ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆఫీసులో ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. సీను వెనక్కి జరిపి మళ్లీ విన్నది. అవే మాటలు, అదే వరస. పోయిన వారం తన వంటింట్లో, మాడిపోయిన పాలగిన్నె ముందు నిలబడి, తన సొంత అత్తగారిని తను అన్న మాటలు. ఆ పూట ఇంట్లో ఉన్నది ఇద్దరే. మొగుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంటి మొహం చూడడు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ చెవులు సీరియల్ కంపెనీ దాకా సాగుతాయని ఎవరనుకుంటారు?

ఒళ్లు మండిపోయింది. ఆ మాట అన్నందుకు సిగ్గు కొంచెం ఉంటే, దాన్ని ఎత్తుకొచ్చి ఒక గయ్యాళి నోట్లో పెట్టినందుకు కోపం కొండంత ఉంది. తరువాతి సీను చూసేసరికి ఆ కోపం కూడా చాలలేదు.

అందులో సీరియల్‌లోని అత్తగారు, జనమంతా పెద్దమ్మగారు అని పిలుచుకునే ఆవిడ, కిటికీ దగ్గర కూర్చుని తనలో తను చెప్పుకుంటోంది. బజారుకు వెళ్లి వస్తూ ఇంటి దారి మరిచిపోయిందట. ఎవరినో అడుక్కుని ఎలాగో చేరిందట. కోడలికి తెలిస్తే వృద్ధాశ్రమంలో పడేస్తుందని నోరు మెదపలేదట.

ఎడిటరమ్మకు మాడిన పాలగిన్నె గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లో దొరికిన కళ్లజోడు గుర్తొచ్చింది. మొన్న పేరు తట్టక తనను "ఇదిగో, నిన్నే" అని పిలవడం గుర్తొచ్చింది. చాదస్తం అనుకుంది తను. పైకి అనేసింది కూడా.

ఇదంతా ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. ఇప్పుడు సీరియల్ అంటే టీవీలో వచ్చే ఆ అరగంట మాత్రమే కాదు. అరగంట టీవీలో ఉంటుంది, మిగతా రోజంతా జనం జేబుల్లో ఉంటుంది. ఎపిసోడ్ అయిపోగానే పెద్దమ్మగారు ఇంటింటికీ ఫోన్ చేస్తుంది. అది మనిషి గొంతు కాదు, యంత్రం గొంతు. అయినా "తిన్నావా తల్లీ, గొంతు అలా నీరసంగా ఉందేం?" అని అడిగితే తోడబుట్టిన అక్క అడిగినట్టే ఉంటుంది. జనం కడుపులో ఉన్నదంతా చెప్పుకుంటారు. వాళ్లు చెప్పింది కథలోకి వెళుతుంది, కథ మళ్లీ టీవీలోకి వస్తుంది. వాళ్ల బావిలో నీళ్లు తోడి వాళ్లకే అమ్మడమన్నమాట. టీవీకి రాబోయే రోజులన్నీ ఇలాగే ఉంటాయని మీటింగుల్లో చెబుతుంటే ఎడిటరమ్మ కూడా నలుగురితో పాటు చప్పట్లు కొట్టింది.

నేరుగా కథల మేనేజరు గదికి వెళ్లింది. ఆయన్ను చిరునవ్వు అంటారు. జీతాలు కోసినా, మనుషుల్ని తీసేసినా ఆ మొహం మీద నవ్వు మాత్రం చెరగదు. ఆ రెండు సీన్లూ తీసెయ్యమని ఎడిటరమ్మ అడిగింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, కిటికీ సీను ముక్క పొద్దున్నే అందరి ఫోన్లకూ వెళ్లిపోయిందన్నాడు. దాని కింద ఓటింగ్ కూడా పెట్టారట. పెద్దమ్మగారిని ఆశ్రమానికి పంపాలా, ఇంట్లో ఉంచాలా? ఓట్లు వరదలా వస్తున్నాయట. పంపెయ్యమనే వాళ్లే ఎక్కువట. గడప దాటే సీను రేపే షూటింగట.

అది మా అత్తగారి సంగతి, అంది ఎడిటరమ్మ.

ఒక్క క్షణం ఆ నవ్వు ఆగింది. తరువాత ఇంకాస్త పెద్దదైంది. అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టి, కథ వెనకాల కథ అని ఒక చిన్న ఇంటర్వ్యూ చేద్దామన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది ఆయన వరస.

"మేమేం దొంగతనం చెయ్యలేదు మేడమ్," అన్నాడు. "యాప్ వేసుకునేటప్పుడే అనుమతి అడుగుతాం. ఒప్పుకున్నాకే వింటాం."

ఒప్పుకున్నదెవరో ఆవిడకు తెలుసు. అత్తగారికి ఆ చీమల బారు లాంటి అక్షరాలు కనపడవు. యాప్ వేసి, అడిగినచోటల్లా సరే, సరే, సరే అని బొటనవేలితో నొక్కి ఫోను చేతిలో పెట్టింది తనే. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పేలోగా అత్తగారు మాటలు మొదలుపెట్టేది. అరగంట ప్రశాంతంగా కూర్చుంటే చాలనుకుంది. ఆ ప్రశాంతత ఇలా దొరికింది.

"ఒప్పుకున్నది నేను. చెప్పుకున్నది ఆవిడ. మధ్యలో అమ్ముకోవడానికి మీరెవరు?"

ఎడిటరమ్మ కత్తిరించకపోయినా ఎపిసోడ్ ఆగదని, ఆ మాత్రం పని యంత్రమే చేసేస్తుందని చిరునవ్వు నవ్వుతూనే చెప్పాడు. అయితే దాని చేతే చేయించుకోమని, మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆయన కాఫీ కప్పులో వేసి వచ్చేసింది. నవ్వు చెరిగిందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

బస్సులో కూర్చున్నంతసేపూ తిడుతూనే ఉంది. కంపెనీని తిట్టింది. యంత్రాన్ని తిట్టింది. ఊళ్లో లేని మొగుణ్ని తిట్టింది. తనతో అనని మాట ఎవరిదో గొంతుతో చెప్పుకున్నందుకు అత్తగారినీ తిట్టింది. సీరియల్ మొదలయ్యేలోగా ఇల్లు చేరి టీవీ కట్టెయ్యాలి. ఆ పెద్దావిడ తను దాచుకున్న భయాన్ని తెర మీద చూడకూడదు. ఇప్పుడు కావలసింది అదొక్కటే.

ఇల్లు చేరేసరికి అత్తగారు సోఫాలో కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, టీవీలో ప్రకటనలు చూస్తోంది. ఎడిటరమ్మ రిమోట్ లాక్కుని టీవీ ఆపేసింది. ఇవాళ సీరియల్ రాదట, ఏదో తేడా వచ్చిందట అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

"పొద్దున ఫోన్‌లో చూశాలే," అంది అత్తగారు. "నా మాటలు నాకు తెలియవా?"

ఎడిటరమ్మ ఎదురుగా కుర్చీలో కూలబడింది. ఇంత జరిగితే నాతో ఒక్క ముక్క చెప్పలేదేమని అడిగింది. అడగడమేమిటి, కసిరింది.

"నువ్వు అలిసిపోయి వస్తావు. ఆవిడ తీరిగ్గా అడిగింది, చెప్పాను. మనిషి కాదని నాకు తెలుసమ్మాయ్. మనిషి కాదనే చెప్పాను."

అత్తగారు ఫోను పక్కన పెట్టి, తను ఓటు కూడా వేశానంది.

"ఏమని?"

"పంపెయ్యమని. మొన్న పాలు మాడ్చాను, రేపు కొంపే తగలబెడతాను. ఆ కోడలు పిల్ల మాత్రం ఉద్యోగం మానుకుని ఎన్నాళ్లు కాపలా కాస్తుంది? అదీ మనిషే కదా."

ఎడిటరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దుటి నుంచి పడ్డ కోపమంతా కలిపినా ఇందులో సగం ఉండదు. లేచి నిలబడింది.

"నా ఇంట్లో ఎవరుండాలో ఓటెయ్యడానికి ఊళ్లో వాళ్లెవరు? వాళ్ల సంగతి సరే. వాళ్లతో కలిసి ఓటెయ్యడానికి మీరెవరు అత్తయ్యా?"

అరవొద్దంది అత్తగారు. అరుస్తానంది ఎడిటరమ్మ. కళ్లలో నీళ్లొస్తుంటే తుడుచుకోకుండానే గుమ్మం దగ్గరున్న చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడేసింది.

"లేవండి. ఎక్కడ దారి తప్పారో చూపించండి."

"సీరియల్ టైమయింది కదే."

"కానివ్వండి."

ఫోను సోఫాలోనే వదిలేసి ఇద్దరూ మెట్లు దిగారు. ఎడిటరమ్మ విసవిసా నడిచింది. నాలుగు రోడ్లు కలిసే చోటో, బజారు అవతల ఒకేలా ఉండే సందుల్లోనో జరిగి ఉంటుందని ఆవిడ లెక్క. అక్కడైతే ఎవరికైనా తికమకే. వయసులో ఉన్న తనే ఒకసారి ఆ సందుల్లో తిరిగిన చోటే తిరిగింది. ఆ మాట చెప్పి, ఇదేం రోగం కాదని కోప్పడుతూనే ఒప్పించొచ్చనుకుంది.

వీధి మలుపైనా తిరగకముందే అత్తగారు చెయ్యి పట్టి ఆపింది.

"ఇక్కడే," అంది. "ఈ కుట్టుమిషను కొట్టు ముందే. ఇల్లు ఎటో తెలియలేదు. చాలాసేపు నిలబడ్డాను."

ఎడిటరమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన, రెండో అంతస్తులో తమ బాల్కనీ ఉంది. పొద్దున తను ఆరేసిన దుప్పటి ఇంకా తీగ మీదే ఉంది.