పడమరకు పారే నది

పొద్దున పదింటికే నదులాయన బల్ల మీద వంగి, బ్లేడుతో ఒక నదిని గీకేస్తున్నాడు. పటాల కార్యాలయంలో కొండలు గీసేది ఒకరు, ఊళ్ల పేర్లు రాసేది ఒకరు. ముప్పై ఒక్కేళ్లుగా నదులు మాత్రం ఆయనవే. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నది పుట్టినచోట వెంట్రుకంత సన్నగా మొదలుపెట్టి, సముద్రం దాకా లావు చేసుకుంటూ పోవాలి. అదీ పద్ధతి. ఆ ద్వీపకల్పంలో పెద్ద నదులన్నీ పడమటి కొండల్లో పుట్టి తూర్పుకే పారతాయి. ఒక్కటి మాత్రం రెండు కొండల వరుసల మధ్య దారి చేసుకుని పడమరకు పోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చెయ్యి అలవాటు కొద్దీ దాన్నీ తూర్పుకే లావు చేసేసింది. అదే అచ్చయి, బడి గోడలన్నీ ఎక్కింది.

కూతురు అయిదో తరగతిలో ఆ పటం చూసే పరీక్ష రాసి మార్కు పోగొట్టుకుంది. "మా నాన్న గీసింది తప్పెలా అవుతుంది?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నదులాయన తల వంచుకు కూర్చున్నాడే గాని నోరు విప్పలేదు. అది పిరికితనమే, మరో పేరు పెట్టి లాభం లేదు.

ఇన్నేళ్లకు అసలు పటం మళ్లీ బీరువాలోంచి బయటికి వచ్చింది. నాలుగింటికి అచ్చుకు తీసుకుపోతారు. ఇంకో అచ్చు దాకా తన గుండె కొట్టుకోదని డాక్టరు చెప్పనే చెప్పాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాడు పై అధికారి, వెనక నిలబడి. "కాస్త లోతుగా గీకితే చిరుగుతుంది. అప్పుడేం చేస్తారు?"

"మొత్తం మళ్లీ గీస్తానండీ."

"ఈ చేత్తోనా?"

ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన మళ్లీ బ్లేడు ఆనించాడు.

భోజనం మానేశాడు. గీకడం అయ్యేసరికి మూడయింది. ఊపిరి బిగబట్టి తూర్పు కొసన కలం ఆనించాడు. కుడి నుంచి ఎడమకు, చేతి అలవాటుకు ఎదురు. వణుకు ఎటు పోయిందో పోయింది. గీత సముద్రాన్ని తాకేసరికి నాలుగుకు పది నిమిషాలుంది.

పటం వెళ్లిపోయాక కూతురికి ఫోను చేశాడు.

"అమ్మా, నీ అయిదో తరగతి మార్కు... తప్పు నీది కాదే, నాది. ఇవాళ దిద్దేశాను."



"నాకప్పుడే తెలుసు నాన్నా. మర్నాడే టీచరు పెద్ద పుస్తకం తెచ్చి చూపించింది."

"మరి నన్నడగలేదేం?"

"నేను ఏడ్చిన పూట నువ్వు అన్నం తినలేదుగా."

నదులాయన నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆరింటికి తలుపులు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ రెండుసార్లు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేసి చూసి, టోపీ తీసేశాడు.

మూడోనాడు ఆయన సామాను కోసం కూతురు వచ్చింది. బల్ల సొరుగు లాగితే నిండా చిత్తుకాగితాలు. ప్రతిదాని మీదా అదే నది, కుడి కొసన సన్నగా, ఎడమ కొసన లావుగా. అడుగునున్న వాటి మీద సిరా గోధుమరంగుకు తిరిగింది, అన్నిటికంటే పైదాని మీద ఇంకా నల్లగానే ఉంది.