నల్ల వైరు లేని బల్బు

ఎల్ఈడీలు వేద్దామన్నది నేనే. అందుకే ఆ తర్వాత జరిగిందంతా నా మీదికే వచ్చింది.

మా అక్క ఈశ్వరికి చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. కర్ర పట్టుకుని నడుస్తుంది. కొత్తవలసలో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ మీద పెళ్ళి ఆల్బమ్‌లు తయారు చేస్తుంది. మా ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. రోజూ నాన్నే మోటార్ సైకిల్ మీద దింపి వచ్చి, ఆ తర్వాత పొలానికి వెళ్ళేవాడు. జూలైలో వరి ఉడుపులు మొదలయ్యేసరికి ఆయనకి కుదరలేదు. అక్క రెండు రోజులు మధ్యాహ్నం వెళ్ళింది. ఒక రోజు అసలు వెళ్ళలేదు. స్టూడియో మేడమ్ మంచి మనిషే కానీ, వచ్చే నెల నుంచి తొమ్మిదికల్లా రాలేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని చెప్పేసింది.

అక్కకి స్కూటర్ ఉంది. గేర్లు లేని పాత బండికి వెనక అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు బిగించారు. నడపడం బాగానే వచ్చింది. లైసెన్స్ లేదు. పక్క చక్రాల సంగతి బండి కాగితాల్లో ఎక్కి వచ్చేసరికి జూన్ అయిపోయింది. జనవరిలో తీసుకున్న ఎల్ఎల్ఆర్ గడువు ఈ శనివారంతో తీరిపోతుంది. టెస్టు దానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం, విజయనగరంలో. టెస్టు పాసవకుండా ఒంటరిగా రోడ్డెక్కనివ్వనని నాన్న ఒకటే మాట. కాబట్టి మంగళవారం పోతే స్టూడియో పోయినట్టే.

పక్క చక్రాల మడ్‌గార్డులు బయటికి పొడుచుకు వచ్చి అసలు ఇండికేటర్లని కప్పేస్తాయి. అందుకని బిగించినవాళ్ళు మడ్‌గార్డుల మీద ఇంకో జత పెట్టారు. మొత్తం ఆరు. ఒక్కో పక్క రెండింటికి సరిపోయే బ్యాటరీ మూడింటిని మోయలేకపోయేది. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే గాని వెలిగాయో లేదో తెలిసేది కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్నిటికంటే ముందు ఇండికేటర్లే వెయ్యమంటాడని అక్కకి ఎవరో చెప్పారు.

ఎల్ఈడీలైతే తక్కువ కరెంటుకే బాగా వెలుగుతాయని నాకు తెలుసు. నేను ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడను. ఆ సంగతి ముందు డైరీలో రాసుకుని, రెండు రోజులు ఆగి అక్కకి చెప్పాను. అక్క నాన్నకి చెప్పింది. నాన్న కొత్తవలసలో లారీలకి కరెంటు పనులు చేసే జగన్నాధం షాపు నుంచి ఆరు నారింజ రంగు ఎల్ఈడీ బల్బులూ, వాటిని ఆర్పి వెలిగించే కొత్త ఫ్లాషరూ తెచ్చాడు. పాత ఫ్లాషర్ వీటికి పనికిరాదట. టెస్టుకి ముందు శనివారం బడి నుంచి వచ్చి ఒక్కొక్క ఇండికేటర్ అద్దం విప్పి, పాత బల్బుని నొక్కి తిప్పి తీసి, కొత్తది పెట్టాను. చీకటి పడకముందే అయిపోయింది.

అక్క స్విచ్చు ఎడమకి నొక్కింది. ఆరూ వెలిగి ఆరాయి. కుడికి నొక్కింది. మళ్ళీ ఆరూ.

మా అమ్మ తమ్ముడు చినబాబు మావ సాలూరులో లారీ నడుపుతాడు. ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటూ తింటూ చెయ్యి కడుక్కోకుండానే బయటికి వచ్చి చూశాడు.

"బాగున్నాదే. అంబులెన్సులాగున్నాది."

"ఎడమకేస్తే కుడేపు కూడా ఎలుగుతన్నాది మావా," అంది అక్క.

"ఎలగనీ. నిన్నటిదాకా ఎలగనేదని ఏడ్సినావు, ఇప్పుడు ఎలిగినందుకు ఏడుస్తావేటి?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, అలా వెలగడం తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పయిందో తెలియక ఊరుకున్నాను.

ఆదివారం సాయంత్రం అక్క నన్ను వెనక కూర్చోబెట్టుకుని కొత్తవలస దాకా వెళ్ళి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు మా ఊరి మలుపు కుడిపక్కన వస్తుంది. చాలా ముందు నుంచే స్విచ్చు కుడికి వేసి, మెల్లగా తిప్పింది. వెనక నుంచి హారన్ వినిపించింది. చూసేసరికి ఒక టిప్పర్ మా కుడిపక్కకే వచ్చేసింది. అక్క బ్రేకు నొక్కేసింది. టిప్పర్ గాలి మా మొహాలకి కొట్టింది. నా చున్నీ ఎగిరి నా కళ్ళ మీదే పడింది.

టిప్పర్ కొంచెం ముందుకి పోయి ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టాడు.

"ఏటమ్మా, నాలుగూ ఏసుకోని పక్కకి తిప్పీస్తావేటి? నాలుగేస్తే నేరుగా ఎల్తన్నట్టు కాదేటి? సచ్చిపోదురు."

అతను వెళ్ళిపోయాక కూడా అక్క బండి కదపలేదు.

ఇంటికి వచ్చి చెబితే చినబాబు మావ గడ్డం గోక్కున్నాడు. "ఆడు సెప్పింది నిజమే. జంక్షన్లో నేరుగా ఎల్లాలంటే మా లారీలోళ్ళం నాలుగూ ఏస్తాం. రూల్లో నేదు గానీ, అందరికీ అదే అలవాటు."

"మరి నిన్ననే ఎందుకు సెప్పనేదు?" అంది అమ్మ.

"తిరిగేటప్పుడు సెయ్యి సూపిస్తాదనుకున్నాను."

"సెయ్యి నేను సూపిస్తే హ్యాండిల్ నువ్వొచ్చి పట్టుకుంటావా?" అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "నీ టెన్తు సదువు నా బండి మీద సూపించకే అనూ. రేపు పాత బల్బులు పెట్టీ."

"అవే పెట్టీమ్మా," అన్నాడు నాన్న. "కనబడినకాడికి కనబడతాయి."

ఎవరేం చెప్పినా తల ఊపడం నాకు అలవాటు. ఆ రోజు ఊపలేదు. పాతవి పెడితే ఎండలో కనబడవు. టెస్టు పదకొండు గంటలకి. అక్క చిన్నబోయి తిరిగి వస్తే, అంతా నేను ఓపిక పట్టి చూడకపోవడం వల్లే అవుతుంది.

"రేపు సాయంత్రం దాకా ఆగక్కా," అన్నాను.

"ఆగితే ఏటవుతాది?"

పాత బల్బుల పొట్లం తీసి నా పుస్తకాల సంచిలో పెట్టుకున్నాను. అక్క, "సాయంత్రం దాకే," అంది.

సోమవారం తెల్లవారగానే బండి ముందు కూర్చున్నాను. బడికి ఇంకా మూడు గంటలుంది. ముందు ఏమీ విప్పలేదు. ఎడమకి వేసి చూశాను, కుడికి వేసి చూశాను. పది పన్నెండు సార్లు చూశాక ఒకటి కనిపించింది. ఎడమకి వేసినప్పుడు ఎడమవి గట్టిగా వెలుగుతున్నాయి, కుడివి కొంచెం మసకగా. కుడికి వేస్తే అది తిరగబడుతోంది. అంటే స్విచ్చు తప్పు కాదు. ఎడమకి వెళ్ళిన కరెంటే ఎక్కడో కుడికి కారుతోంది.

రెండూ ఎక్కడ కలుస్తున్నాయి? వెనక నుంచి వైర్లు పట్టుకుని ముందుకి వచ్చాను. ఎడమవాటికి ఒక రంగు, కుడివాటికి ఇంకో రంగు. సీటు కింద కలవలేదు. కాళ్ళు పెట్టుకునే చోట కలవలేదు. హ్యాండిల్ మూత విప్పితే స్పీడోమీటర్ వెనక కనిపించింది. మా బండికి అక్కడ ఒకటే పచ్చ బాణం. ఎడమకి వేసినా కుడికి వేసినా అదే వెలుగుతుంది. హారన్‌కైనా, బ్రేక్ లైటుకైనా, దేనికైనా ఒక నల్ల వైరు ఉంది, పని అయ్యాక కరెంటు వెళ్ళి బండి బాడీలో కలవడానికి. ఆ బాణం బల్బుకి మాత్రం నల్ల వైరు లేదు. ఒక పక్క ఎడమ వైరు, ఇంకో పక్క కుడి వైరు.

డైరీ తెచ్చుకుని బొమ్మ గీశాను. ఎడమకి వేస్తే కరెంటు ఆ చిన్న బల్బులోంచి కుడి వైరులోకి దిగి, కుడిపక్క బల్బుల్లోంచి బాడీలోకి పోతోంది. పాత బల్బులు ఆ కాస్త కరెంటుకి వెలగవు. ఎల్ఈడీలకి ఆ కాస్త చాలు. తక్కువ కరెంటుకి వెలుగుతాయనే కదా నేను వాటిని తెప్పించింది.

బాణం బల్బుని లాగేశాను. ఎడమకి వేశాను. ఎడమవి మూడే వెలిగాయి.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసి, "అయిపోయిందేటే?" అంది.

"ఇంకా నేదు."

అక్కడితో వదిలేస్తే టెస్టుకి సరిపోయేది. కానీ అక్క మలుపు తిరిగాక స్విచ్చు ఆపడం మర్చిపోతుంది. ఆ పచ్చ బాణం చూసే ఆపుతుంది. అది లేకపోతే కుడికి వేసినది కుడికే కొట్టుకుంటూ ఊరంతా తిరుగుతుంది. ఇంకో టిప్పర్ వస్తుంది. నాకు బాణం కావాలి, కారడం వద్దు. బొమ్మలో ఏం కావాలో తెలిసింది గానీ అలాంటి వస్తువు ఉంటుందో లేదో, ఉంటే దాన్ని ఏమంటారో తెలియదు.

బడి అయ్యాక ఆటో ఎక్కి ఒక్కదాన్నే కొత్తవలస వెళ్ళాను. అలా వెళ్ళడం అదే మొదటిసారి. జగన్నాధం షాపు ముందు మూడు లారీలు ఉన్నాయి. ఆయన ఒక లారీ స్టీరింగ్ కింద తల పెట్టి పడుకుని ఉన్నాడు. క్లీనర్లు నన్ను చూస్తున్నారు. నేను చెప్పుకోవాలనుకున్న మాటలన్నీ ఆటోలోనే అయిపోయాయి.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు పడుకునే.

"ఎల్ఈడీలు, స్కూటర్కి... అన్నీ ఒకేసారి..."

"కొత్త పెంటలివి. పాతవి ఎట్టుకోమను. నేదంటే బుధవారం మీ నాన్నని బండి తెమ్మను."

"రేపు టెస్టండి."

"అయితే పాతవే."

నేను కదల్లేదు. ఒక లారీ పని అయి వెళ్ళింది. ఆయన లేచి చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు. "ఇంకా ఎల్లనేదేటీ పిల్ల?"

డైరీ తెరిచి బొమ్మ చూపించాను. వేలు పెట్టి చెబితే మాట వచ్చింది. "ఈ బల్బుకి రెండేపులా నుంచి కరెంటొస్తన్నాదండి. దీనికి నల్ల వైరేసి బాడీకి కలిపీస్తాను. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి దీనికి రావాల. వచ్చింది మళ్ళీ రెండో ఏపుకి ఎల్లకూడదు. అలాగ ఒక్క ఏపుకే పోనిచ్చేది ఏదైనా ఉంటాదా అండీ?"

ఆయన బొమ్మని దగ్గరికి తీసుకుని చూశాడు. "ఎవులు గీసినారు?"

"నేనే."

"ఉంటాదమ్మా. డయోడంటారు." రేకు డబ్బా కిందికి మీదికి కదిపి రెండు తీసి నా అరచేతిలో పెట్టాడు. మినపగింజంత నల్లవి, రెండు కొసలా తీగలు, ఒక కొసన తెల్లగీత. "గీతున్న కొస బల్బేపుండాల. తిరగేస్తే ఎలగదు." కాస్త నల్ల వైరు కూడా చుట్టి ఇచ్చాడు. నేను బయల్దేరితే వెనక నుంచి, "ఆ పేజీ సింపకు, ఫోటో తీసుకుంటాను," అని పిలిచి తన ఫోన్లో తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ముందు పొరపాటున ఒక డయోడుని తిరగేసి పెట్టాను. కుడికి వేస్తే బాణం వెలగలేదు. విప్పి మార్చి మెలి తిప్పి టేపు చుట్టాను. నల్ల వైరుని బోల్టు కింద బిగించాను. అమ్మని స్విచ్చు దగ్గర నిలబెట్టాను. నాన్న స్టూడియో నుంచి అక్కని తీసుకుని అప్పుడే వచ్చాడు. అక్క దిగి, కర్ర ఊనుకుని బండి వెనక నిలబడింది.

"ఎడమ," అంది. మూడు వెలిగాయి.

"కుడి." మూడు వెలిగాయి.

అలా ఇరవై సార్లు వేయించింది. అమ్మకి విసుగొచ్చింది. "సేతులు నొప్పొస్తన్నాయే."

అక్క ముందుకి వచ్చి స్పీడోమీటర్‌లోకి తొంగి చూసింది. "బాణం కూడా ఎలుగుతన్నాదే," అంది. ఆ పూట నాతో అన్నది అంతే. అన్నం తినేటప్పుడు మాత్రం తన కంచంలో చేపముక్క తీసి నా కంచంలో వేసింది.

మంగళవారం విజయనగరంలో ఎండ మండిపోతోంది. ఇన్‌స్పెక్టర్ బండి వెనక నిలబడి, "ఎడమ వెయ్యమ్మా," అన్నాడు. "కుడి." రెండు క్షణాలు చూశాడేమో. తర్వాత బ్రేకు చూశాడు. ఎనిమిది అంకె గీసిన చోట తిరగమన్నాడు. అక్క పెదవులు బిగబట్టి మెల్లగా తిరిగింది. ప్రతి మలుపుకీ ముందు ఇండికేటర్ వేసింది, మలుపు అయ్యాక ఆపింది. నేను గోడ దగ్గర నిలబడి లెక్కపెట్టుకున్నాను. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆయన కాగితం మీద సంతకం పెట్టి, "పాస్. కార్డు ఇంటికొస్తుంది," అని తర్వాతి వాళ్ళని పిలిచాడు.

అక్క అక్కడే ఫోన్ తీసి స్టూడియో మేడమ్‌కి చేసింది. "రేపు తొమ్మిదికి వస్తాను మేడమ్," అంది. "నేనే వస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు నాన్న తన మోటార్ సైకిల్ మీద ముందు వెళ్తున్నాడు. మాకోసమని చాలా మెల్లగా. ప్రతి గుంత దగ్గరా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. మాటిమాటికీ చెయ్యి ఊపి, నెమ్మది, నెమ్మది అంటున్నాడు. నేను వెనక కూర్చుని అక్క భుజం మీంచి చూస్తున్నాను. ఊళ్ళు దాటాక రోడ్డు ఖాళీగా వచ్చింది.

"ఎనకేటైనా వస్తన్నాదా అనూ?"

తిరిగి చూశాను. "ఏటీ నేదు."

అక్క కుడికి వేసింది. పచ్చ బాణం కొట్టుకుంది. మా పక్క చక్రం మీద నారింజ దీపం ఎండలో కూడా తెలుస్తోంది. నాన్న అద్దంలో చూసి కొంచెం ఎడమకి జరిగాడు. అక్క బండి వేగం పెంచి ఆయన్ని దాటేసింది. దాటుతున్నప్పుడు ఆయన ఏదో అన్నాడు గానీ గాలికి వినబడలేదు.

అక్క ఎడమకి వచ్చి, స్విచ్చు ఆపింది.