మూసిన మెడ, పొడుగు చేతులు

టైలరమ్మకు కుడిచెయ్యి తిమ్మిరెక్కి, ఒక కన్ను మసకబారి, అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డాక్టరమ్మ తేల్చేసరికి, ఆమె మేనత్తా మేనమామా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క మాట మీదకొచ్చారు. తప్పంతా కుట్టుమిషన్‌దే. వేళకు తినకుండా వంగి కూర్చుంటే ఏ నరం ఊరుకుంటుంది? మిషన్ అమ్మేయాలని తీర్మానించి, కొనేవాణ్ణి కూడా చూసిపెట్టారు. ఆ మిషనే టైలరమ్మ బతుకు.

తర్వాతిసారి ఆస్పత్రికి ఇద్దరూ తోడొచ్చారు. తోడంటే కాపలా అన్నమాట. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత నరాల మీద పడే జబ్బిదని చెప్పి, కుటుంబంలో థైరాయిడ్, సోరియాసిస్ లాంటివి ఎవరికైనా ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. తమ రక్తం వడగట్టిన నీళ్ళంత శుభ్రమంది అత్త. తమవైపు జలుబు చెయ్యడమే అరుదన్నాడు మామ.

టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మనుషులు డాక్టరు దగ్గర ఎన్ని కోతలైనా కోస్తారు, కొలతల టేపు దగ్గర కుదరదు. ఏళ్ళ తరబడి అత్త జాకెట్లకు గొంతు దాకా మూసిన మెడ కుట్టిందీ, ఆ మెడను ఏటా కాస్త వదులు చేసిందీ ఆమే. మండుటెండల్లోనూ మామకు మణికట్టు దాకా చేతులు పెట్టి, లోపల మెత్తటి గుడ్డ వేసిందీ ఆమే. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు వ్యవహారం మిషన్ మీదకొచ్చింది.

"మామయ్యా, ఈసారి నీ చొక్కాకు పొట్టి చేతులు పెట్టనా? అత్తకు మెడ కాస్త దించుతా."

వడగట్టిన రక్తం ఇద్దరి ముఖాల్లోనూ చుక్క లేకుండా పోయింది. మామ గుండీ విప్పి చెయ్యి పైకి మడిచాడు. ఎర్రటి మచ్చలు, పొలుసులు. అత్త గొణుక్కుంటూ గొంతు దగ్గరి వాపు చూపించింది.

"ఇలాంటివి కొన్ని కుటుంబాల్లో కలిసి కనిపిస్తాయి," అంది డాక్టరమ్మ. "ఒక్క జన్యువు పని కాదు, చాలా ఉంటాయి. ఒక్కోటీ రవ్వంత ముప్పు పెంచుతుంది. అవి ఉన్నా చాలామందికి జబ్బు రాదు. మిషన్ కుట్టడం వల్ల మాత్రం ఇది రాదమ్మా."

టైలరమ్మకు ఏడుపు ఆగలేదు. ఇది చేజేతులా తెచ్చుకున్నది కాదు.

ఆవిడ కళ్ళు తుడుచుకునేలోగా ఆ ఇద్దరూ మళ్ళీ మామూలైపోయారు. ఎవరి జబ్బు ముందు మొదలైందని వరండాలోనే తగువు. గెలిచానన్న హుషారులో మామ కొనేవాడికి ఫోన్ చేసి, మిషన్ అమ్మట్లేదని చెప్పేశాడు.

అత్త వెనక ఆగి, మేనకోడలి చెయ్యి పట్టుకుంది.

"మెడ ఎంత దించుతావే?"

"నువ్వెంతంటే అంత. సూదిలో దారం మాత్రం నువ్వే ఎక్కించాలత్తా. నాకు కన్ను ఆనట్లేదు."

అత్త ఆ తిమ్మిరి చేతిని ఇంటిదాకా వదల్లేదు.