జవాబుకు చోటేది?

టీచరమ్మకు కాలు ఒకచోట నిలవదు. శనివారం తెలుగు క్లాసులో బోర్డుకూ కిటికీకీ, కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే పాఠం చెబుతుంది. ఊరుకాని ఊళ్లో పుట్టిన పిల్లలకు పుస్తకాల తెలుగు ఎక్కదని, ఇళ్లలో నిజంగా వినబడే తెలుగే నేర్పాలని ఆవిడ పట్టుదల. మందు డబ్బాల మీది కాగితాలు, ఫోన్లలో బంధువుల మెసేజీలు, అన్నీ ఆవిడకు పాఠాలే. అందరి పిల్లల నోళ్లూ తెరిపించిన మనిషితో సొంత కూతురు మాత్రం బడిలో నేర్చిన పరాయి భాషలోనే, అదీ పొడిపొడిగా మాట్లాడుతుంది. అది తలుచుకుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది.

కూతురు ఆ క్లాసులోనే చివరి బల్ల మీద తల వాల్చి కూర్చుంటుంది.

ఆ శనివారం ఆవిడ, వారం మధ్యలో బడి ఉన్న ఒకరోజు తన ఇంటి పొద్దుటి హడావుడిని ఫోనులో రికార్డు చేసి తెచ్చింది. ఇంతకన్నా అసలు సిసలు తెలుగు ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయింది కూడా.

"లే. పళ్లు తోముకో. పాలు తాగు. ఆ షూస్ కాదు, నల్లవి. ఏంటా నడక, బస్సెళ్లిపోతుంది. పద, పద."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరు అమ్మగా, ఒకరు పాపగా ఆడి చూపించమంది టీచరు. అమ్మ వేషానికి వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్లాడు ఎగిరి గంతేశాడు. నడుం మీద చెయ్యి పెట్టి దంచేశాడు. ఎదురుగా ఉన్న పిల్ల నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చివరికి టీచరు వైపు తిరిగింది.

"టీచర్, నేనెప్పుడు మాట్లాడాలి? ఈ అమ్మ ఆగట్లేదు."

పాప మాటలకు చోటు చూపిద్దామని ఆవిడ రికార్డింగు మళ్లీ వేసింది. చోటెక్కడా లేదు. చివర్లో మాత్రం "అమ్మా, నిన్న..." అని కూతురి గొంతు, తెలుగులోనే, సన్నగా వినబడింది. దాని మీదే తన "పద, పద" వచ్చి పడింది. ఆ పొద్దున ఆ మాట ఆవిడ చెవికెక్కనేలేదు. ఇప్పుడు సిగ్గుతో ఆవిడకు మొహం చెల్లలేదు. చివరి బల్ల వైపు చూసే ధైర్యమూ లేకపోయింది.

క్లాసయ్యాక బస్టాపులో కూతురి పక్కన కూర్చుంది.

"ఆ పొద్దున ఏదో చెప్పబోయావు. ఏంటమ్మా?"

కూతురు షూ అంచుతో నేల గీకుతూ ఉండిపోయింది. ఆవిడకు నాలుక దురద పుట్టింది. పళ్ల బిగువున ఆపుకుంది. కాళ్లు ఆగనంటే ఒకదానితో ఒకటి మెలేసుకుంది. బస్సు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆవిడ కదల్లేదు.

"అమ్మా, బస్సెళ్లిపోయింది," అంది కూతురు, నమ్మలేనట్టు.

"వెళ్లనీ."

కూతురు దగ్గరకు జరిగి ఆవిడకు ఆనుకుంది. "నిన్న..." అని, "నిన్న కాదులే, అదెప్పుడో అయిపోయింది," అని సర్దుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. మాటలు తడబడ్డాయి, కొన్ని తప్పుగా వచ్చాయి. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు. తర్వాతి బస్సు కూడా వెళ్లిపోయింది.