చాక్లెట్ రంగు

కండెలు చుట్టడం పని కాదు. మా అత్తమ్మ జోగమ్మ దృష్టిలో అది కూర్చోవడం. "మా కోడలు పొద్దంత కూసుంటది" అని గద్వాలలో మా వాడకట్టంతా చెప్తుంది. అబద్ధమేమీ కాదు, రాట్నం ముందు కూర్చునే ఉంటాను. నేను దారం చుట్టిన కండె అందకపోతే మా ఆయన దినేష్ మగ్గం ఆగిపోతుంది, అంతే. మొన్న సర్వేకొచ్చిన అమ్మాయి "మేడమ్ ఏం చేస్తరు?" అని అడిగితే, "ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది" అన్నాడాయన. ఆ పిల్లకు చాయ్ ఇచ్చి, ఫారంలో తప్పులు దిద్దింది మాత్రం వనపర్తి కాలేజీలో బీకాం చదివిన నేను.

కూర్చునే మనిషికి రోజుకొక్క సుఖం ఉంది. మధ్యాహ్నం అత్తమ్మ గురక అందుకున్నాక, ఖాళీ కండెల డబ్బా అడుగునుంచి ఒక చాక్లెట్ ముక్క తీస్తాను. మా ఇంట్లో చాక్లెట్ అంటే కిరాణా కొట్టులో దొరికే పుల్లటి నారింజ బిళ్ల. పోయిన పుట్టినరోజుకు చాక్లెట్ అడిగితే ఆయన గుప్పెడు బిళ్లలు తెచ్చి, "ఇంగో, చిన్నపిల్లవు గద" అన్నాడు. నాది నల్లది, చేదుది. పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు పెబ్బేరులో కొంటాను. నమలను. నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటాను. ముందు చేదు, ఆ తర్వాత వెన్నలా జారడం, చివర్న ఎక్కడినుంచో తీపి. ఆ కాసేపూ ఎవరు పిలిచినా పలకను, నోరు ఖాళీ ఉండదు. తర్వాత పట్టుకు మరక అంటకుండా మోచేతుల దాకా కడుక్కుంటాను. ఈ ఇంట్లో నా ఒక్కదానిదంటూ ఉన్నది ఇదే. బయటపడితే రేపటికల్లా వాడకట్టు ముచ్చట.

ఇవాళ ఆయన ముందు మూడు చిలపలున్నాయి, రంగు అద్దిన పట్టుదారం కట్టలు, మూడూ గోధుమ రంగువే. హైదరాబాద్ సేటు చాక్లెట్ రంగు అంచు అడిగాడు. మొదట పంపింది ఇటుక రంగని తిప్పి పంపాడు. ఈసారి తప్పితే ఇంక మగ్గానికి పని ఇవ్వనన్నాడు.

"సదువుకున్నవ్ గద, ఇండ్ల చాక్లెట్ రంగు ఏదే?"

"నడిమిది."

"ఎట్ల తెల్సు?"

"తెల్సు."

"తెల్సు అంటే ఎట్ల? సేటుకు ఏమని జెప్పాలె?"

"మగ్గం మీద కూసున్నోనికి తెల్వనిది కండెలు సుట్టేదానికి తెలుస్తదారా?" అంది అత్తమ్మ, అప్పుడే నిద్ర లేచి.

వెళ్లి డబ్బా తెచ్చాను. కండెలన్నీ నేల మీద కుమ్మరించి, అడుగున ఉన్న ముక్కను రేకు కాగితంతో సహా నడిమి చిలప మీద పెట్టాను. రెండూ ఒకటే రంగు.

"గిది యాడిదే?" అంది అత్తమ్మ.

ఆయన ముఖం వెలిగింది. "నమూనాకు తెప్పించినవా? మంచి పని జేసినవ్ ప్రణీతా."

పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేను చేసినదాన్ని ఆయన పని అనడం ఇదే మొదటిసారి. అవునంటే సరిపోయేది. రేపటినుంచి చాక్లెట్ నమూనా పేరుతో దర్జాగా డబ్బాలో ఉండేది కూడా.

"కాదు, తిననీకి దెచ్చుకున్న. రోజు తింట."

ముక్క తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

"మరి కండెలెవరు సుట్టాలె?" అంది అత్తమ్మ.

కళ్లు మూసుకునే, కరిగేదాకా ఆగమని వేలు చూపించాను.